చదరంగం లెక్కలో ఇరవై అంకెలు

ఎక్సెల్ షీటులో 18446744073709551615 అని కొట్టి ఎంటర్ నొక్కండి. పూర్తి అంకెలు కనిపించేలా ఫార్మాట్ మార్చి చూస్తే అక్కడ ఉండేది 18446744073709500000. చివరి అయిదు అంకెలు ఎగిరిపోయి వాటి చోట సున్నాలు కూర్చుంటాయి. ఎక్సెల్ 15 అంకెలకు మించి గుర్తుపెట్టుకోదు. ఆఫీసులో 16 అంకెల కార్డు నంబర్లు షీటులో ఎక్కించి, చివరి అంకె సున్నా అయిపోవడం చూసి తల పట్టుకున్నవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు.

ఇవే ఇరవై అంకెలను ఒక్కటి కూడా జారిపోకుండా పట్టి ఉంచిన తెలుగు పద్యం ఒకటుంది. 11వ శతాబ్దపు కవిగా చెప్పుకునే పావులూరి మల్లన పేరు మీద అది ప్రసిద్ధం. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథం గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసినవాడు మల్లన. చదరంగం గళ్లలో గడిగడికీ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎంతవుతుందో ఆ పద్యం చెబుతుంది. అంకెలున్న భాగం ఇది:

శరశశి షట్కచంద్ర శరసాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేదగిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

ఇందులో ఉన్నవి బాణాలు, చంద్రులు, కొండలు, సముద్రాలు. ప్రతి మాటా ఒక అంకె. శర, సాయక అంటే మన్మథుడి బాణాలు, కాబట్టి 5. శశి, చంద్ర, తుహినాంశు మూడూ చంద్రుడే, 1. రంధ్రాలు శరీరానికి తొమ్మిది. వియత్తు, గగనం ఆకాశం, అంటే శూన్యం, 0. నగ, భూధర, గిరి మూడూ కొండలే, కులపర్వతాలు ఏడు. అగ్నులు మూడు. అబ్ధి, పయోనిధి సముద్రాలు, 4. వేదాలు నాలుగు, పద్మజుడి (బ్రహ్మ) ముఖాలూ నాలుగే. షట్కం, తర్కం రెండూ 6. కుంజరాలు దిగ్గజాలు, 8. వరసగా రాస్తే 51615590737044764481 వస్తుంది. కానీ ఈ పద్ధతిలో అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, ఒకట్ల స్థానం ముందు వస్తుంది. తిరగేస్తే 18446744073709551615.

మన లెక్కలో చదవాలంటే 1,84,467 కోట్ల కోట్లు, ఆపైన 44,07,370 కోట్లు, ఆపైన 95,51,615. పలకడానికి ఇంత కష్టమైనదాన్ని చంపకమాలలో రెండు పాదాల పైచిలుకులో ఇమిడ్చారు. చిత్రమేమిటంటే, రెండును రెండుతో హెచ్చవేస్తూ పోతే వచ్చిన ఈ సంఖ్యలో 2 అనే అంకె ఒక్కటీ లేదు. మిగిలిన తొమ్మిది అంకెలూ ఉన్నాయి. దీని వెనక గణిత రహస్యమేదీ లేదు, ఉత్త యాదృచ్ఛికం. అసలు రహస్యాలు వేరే చోట ఉన్నాయి.

చదరంగం కథ అందరికీ తెలిసిందే. ఆట కనిపెట్టినవాడు రాజును మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు చొప్పున అడుగుతాడు, రాజు నవ్వుతాడు, కొట్లు ఖాళీ అవుతాయి. ఈ మొత్తాన్ని అల్ బిరూనీ కూడా సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో లెక్కగట్టాడు. ఆయనకూ ఇవే ఇరవై అంకెలు వచ్చాయి.

కాలిక్యులేటర్ లేని కాలంలో ఇంత లెక్క ఎలా చేశారన్న ప్రశ్నకు జవాబు అనుకున్నంత కష్టమైనది కాదు. ముందుగా కూడిక సంగతి. 64 గళ్లలోవి విడివిడిగా కూడాల్సిన పనిలేదు. పక్కింటి నుంచి ఒక్క గింజ బదులు తెచ్చి మొదటి గడిలో వేశారనుకోండి. అక్కడ రెండవుతాయి. వాటిని రెండో గడిలోని రెండుతో కలిపితే నాలుగు. మూడో గడిలోని నాలుగుతో కలిపితే ఎనిమిది. ఇలా 64 గళ్లూ దాటేసరికి చేతిలో ఉండేది సరిగ్గా 2⁶⁴ గింజలు. బదులు తెచ్చిన గింజ తిరిగి ఇచ్చేస్తే 2⁶⁴ లో ఒకటి తక్కువ. మల్లన పద్యంలోది అదే.

ఇక 2⁶⁴ కోసం 64 సార్లు రెట్టించాల్సిన పని కూడా లేదు. రెండుకు వర్గం 4, దానికి వర్గం 16, ఆపైన 256, 65,536, తర్వాత 4,29,49,67,296, మరొక్కసారి వర్గం చేస్తే అయిపోయింది. మొత్తం ఆరు గుణకారాలు. వాటిలో నిజంగా చెమట పట్టించేది చివరిదొక్కటే, పది అంకెల సంఖ్యను దానితోనే హెచ్చవేయడం. ఘాతాన్ని సగం చేసుకుంటూ, వర్గం చేసుకుంటూ పోయే ఈ పద్ధతి పింగళుడి ఛందశ్శాస్త్రంలో సూత్రాలుగా ఉంది. అక్కడది పద్యాల కోసం పుట్టింది; ఆ సంగతికి మళ్లీ వద్దాం.

గింజల పరిమాణం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు గానీ, కథలో అందరికీ నచ్చేది అదే కాబట్టి ఒకసారి చూద్దాం. బియ్యపు గింజ బరువు 25 మిల్లీగ్రాములు అనుకుంటే మొదటి 32 గళ్లకు, అంటే సగం పలకకు, 107 టన్నులు. నాలుగైదు పెద్ద లారీల లోడు. ఏ మోతుబరి రైతో సర్దగలిగినదే. రాజు నవ్వింది అందుకే. పలక మొత్తానికి మాత్రం 46,000 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కాస్త అటూ ఇటూ అనుకుంటే, తొమ్మిది వందల ఏళ్ల పంట. సన్నబియ్యం పోస్తే కొంత తగ్గుతుంది, రాజుకు ఒరిగేదేమీ లేదు. ఈ మొత్తంలో సగం, ఆపైన మరో అర గింజ, ఒక్క చివరి గడిలోనే ఉంటుంది.

పెద్ద సంఖ్య అనగానే ఇలా బస్తాలతో కొలవడం అలవాటు. కానీ పెద్దతనంలో విశేషమేముంది, దీనికి ఒకటి కలిపితే ఇంకా పెద్దది వస్తుంది. ఈ సంఖ్య విశేషమంతా అది ముక్కలయ్యే తీరులో ఉంది. ఇరవై అంకెల సంఖ్య ఏదో ఒకటి ఇచ్చి కారణాంకాలు కనుక్కోమంటే చేత్తో చేసేవాడికి నెలలు పట్టవచ్చు. ఇది మాత్రం ఎనిమిదో తరగతి సూత్రంతోనే విచ్చుకుంటుంది.

రెండు వర్గాల తేడాను మొత్తం, తేడాల లబ్ధంగా రాయవచ్చని బడిలో చెబుతారు. 2⁶⁴ అనేది 2³² కి వర్గం. అందులోంచి ఒకటి తీసేస్తే (2³² − 1), (2³² + 1) అని రెండు ముక్కలు. మొదటి ముక్క మళ్లీ వర్గంలో ఒకటి తక్కువే, కాబట్టి అదీ రెండుగా విడుతుంది. ఇలా ఉల్లిపాయ పొరల్లా విప్పుకుంటూ పోతే చివరికి మిగిలేవి 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297. ఈ ఆరింటి లబ్ధమే మన సంఖ్య.

ఈ ఆరూ సామాన్యమైనవి కావు. ప్రతిదీ రెండు ఘాతంలో ఒకటి ఎక్కువ, పైగా ఆ ఘాతాలు 1, 2, 4, 8, 16, 32. వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు పియర్ ద ఫెర్మా ఈ వరసలో వచ్చే ప్రతి సంఖ్యా ప్రధాన సంఖ్యేనని నమ్మాడు, ఉత్తరాల్లో రాశాడు, నిరూపణ మాత్రం దొరకలేదు. మొదటి అయిదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోది 4,29,49,67,297. 1729 చివర్లో క్రిస్టియన్ గోల్డ్‌బాఖ్ ఈ సంగతి తోటి గణితజ్ఞుడు ఆయిలర్ చెవిన వేశాడు. మొదట ఆయిలర్ పెద్దగా పట్టించుకోలేదు. 1732లో మాత్రం ఆ ఆరో సంఖ్య 641తో శేషం లేకుండా పోతుందని చూపించాడు. 641 × 67,00,417 = 4,29,49,67,297. ఫెర్మా నమ్మకం అక్కడితో కూలింది.

641 దగ్గరికి చేరడానికి ఒకటి తర్వాత ఒకటిగా వంద పైచిలుకు ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలా? అక్కర్లేదు. ఏదో ఒక ప్రధాన సంఖ్య 2³² + 1 ని భాగిస్తుందనుకోండి. చదరంగం గళ్లలోని గింజలను ఆ సంఖ్యతో భాగించి శేషాలు మాత్రం చూసుకుంటూ పోదాం. మొదటి గడిలో శేషం 1. ముప్పై మూడో గడిలో ఉండేది 2³² గింజలు. అక్కడ శేషం ‘ఒకటి తక్కువ’, అంటే −1. అక్కడి నుంచి మరో 32 గళ్లు నడిస్తే పలక అయిపోయి, లేని అరవై అయిదో గడిలో శేషం మళ్లీ 1. అంటే శేషాల చక్రం సరిగ్గా 64 గళ్లకు ఒకసారి తిరుగుతుంది, అంతకంటే ముందు కాదు. ఇలాంటి చక్రం పొడవు ప్రధాన సంఖ్యలో ఒకటి తీసేసినదాన్ని తప్పనిసరిగా భాగిస్తుందని చెప్పే సిద్ధాంతం ఒకటుంది. కాబట్టి వెతకాల్సినవి 64 గుణిజానికి ఒకటి ఎక్కువైన ప్రధాన సంఖ్యలే: 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలో దొరికిపోతుంది. ఆ సిద్ధాంతం ఎవరిదంటే ఫెర్మాదే. తన ఊహను కూల్చే పనిముట్టు ఆయన పెట్టెలోనే ఉంది, అయిదు భాగహారాలు చేసి ఉంటే ఆయనే చూసేవాడు.

641ని పరీక్షించడానికి పొడుగు భాగహారం కూడా అవసరం లేదు. 641 అంటే 5 × 128 + 1. అది 625 + 16 కూడా. అంటే 5 × 2⁷ కి ఒకటి ఎక్కువ, 5⁴ + 2⁴ కూడా అదే. మొదటి రూపం ప్రకారం 641తో భాగిస్తే 5 × 2⁷ శేషం −1. నాలుగో ఘాతానికి ఎక్కిస్తే 5⁴ × 2²⁸ శేషం 1. రెండో రూపం ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టుకోవచ్చు. పెడితే −2³² శేషం 1 అవుతుంది, అంటే 2³² + 1 శేషం సున్నా. నాలుగు అడుగుల్లో పది అంకెల సంఖ్య పని పూర్తి. ఇంత ముచ్చటైన నిరూపణలు గణితంలో కూడా తరచుగా దొరకవు.

67,00,417 కూడా ప్రధాన సంఖ్యే. కాబట్టి చదరంగం సంఖ్య పూర్తి కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏదీ రెండోసారి రాదు. ఏడింటిలో ఎన్నింటినైనా ఏరుకుని హెచ్చవేయవచ్చు కాబట్టి దీన్ని భాగించే సంఖ్యలు మొత్తం 128.

ఈ కారణాంకాలతో మల్లన పద్యాన్ని సరిచూసుకోవచ్చు కూడా. తాటాకు మీద ఒకరి తర్వాత ఒకరు రాసుకుంటూ వచ్చిన పద్యంలో ఒక్క మాట మారినా అంకె మారుతుంది. మాట జారిపోతే గణాలు తప్పుతాయి కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. పాదం మొదట్లో ప్రాస, పదకొండో అక్షరం దగ్గర యతి కాపలా ఉంటాయి. కానీ ‘గిరి’ బదులు ఎవరైనా ‘గుణ’ అని రాస్తే? రెండూ రెండేసి లఘువులే, ఛందస్సు కిక్కురుమనదు. ఏడు మూడైపోతుంది. అప్పుడు లెక్క పనికొస్తుంది. ఇరవై అంకెల మొత్తం 87, మూడుతో పోతుంది; ‘గుణ’ పెడితే 83, పోదు. మూడుతో పట్టుబడని తప్పు కూడా ఉండవచ్చు. 17తో భాగిస్తే మాత్రం ఏ ఒక్క అంకె మారినా, పక్కపక్క అంకెలు తారుమారైనా శేషం మిగిలి తీరుతుంది. కొంత యతిప్రాసలు కాస్తే, మిగిలింది పదిహేడో ఎక్కం కాస్తుంది.

రెండు పెద్ద ముక్కల సంగతికి మళ్లీ వద్దాం. 2³² + 1 ఫెర్మా ఊహను కూల్చిన సంఖ్య. దాని జోడీ 2³² − 1, అంటే 4,29,49,67,295, మొదటి అయిదు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం. దీనికి వేరే కీర్తి ఉంది.

1796 మార్చి 30న, ఇంకా పందొమ్మిదేళ్లు నిండని కార్ల్ ఫ్రెడ్రిక్ గౌస్, 17 సమాన భుజాల బహుభుజిని గుర్తుల్లేని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని కనిపెట్టాడు. గ్రీకుల కాలం నుంచి త్రిభుజం, పంచభుజి, పదిహేను భుజాలది తెలుసు. రెండు వేల ఏళ్లలో అంతకు మించి కొత్తది ఏదీ రాలేదు. గౌస్ తేల్చిందేమిటంటే, భుజాల సంఖ్య బేసి అయినప్పుడు అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధమైతే బొమ్మ గీయవచ్చు. మరే బేసి సంఖ్యకూ కుదరదని పియర్ వాంజెల్ 1837లో నిరూపించాడు. ఇవాళ్టి వరకు తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు అయిదే, మన సంఖ్యలో ఉన్న ఆ అయిదే. వాటిని రకరకాలుగా ఏరితే 31 లబ్ధాలు, అన్నిటికంటే పెద్దది 4,29,49,67,295. గీయవచ్చని తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అదే ఆఖరుది. చదరంగం పలకలో సగానికి పోసిన గింజలు కూడా అన్నే. నిజంగా గీస్తే దాన్ని వలయం నుంచి వేరుచేసి ఏ కంటికీ చూపించలేం. జొహాన్ హెర్మెస్ అనే జర్మన్ 65,537 భుజాల బొమ్మ గీసే పద్ధతి రాయడానికే పదేళ్లు కూర్చుని 1894లో పూర్తిచేశాడు. ఆ రాతప్రతి గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఉంది. చదివినవాళ్లు ఎందరుంటారన్నది వేరే ప్రశ్న.

ఈ లబ్ధాలన్నీ ఇంకోచోట బారులు తీరి కనిపిస్తాయి. మేరు ప్రస్తారం గుర్తుందా, ప్రతి గడిలో పైనున్న రెండింటి మొత్తం రాసుకుంటూ పోయే త్రిభుజం? దానిలో బేసి సంఖ్య ఉన్నచోట 1, సరి సంఖ్య ఉన్నచోట 0 పెట్టండి. వరసలు 1, 11, 101, 1111, 10001 ఇలా వస్తాయి. వీటిని 0, 1 అనే రెండు అంకెలతోనే నడిచే కంప్యూటర్ లెక్కలో (బైనరీలో) చదివితే 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257. అన్నీ ఫెర్మా సంఖ్యల లబ్ధాలే. ముప్పై రెండో వరసలో అన్నీ ఒకట్లే. అది గౌస్ బహుభుజి సంఖ్య. అరవై నాలుగో వరసలో కూడా అన్నీ ఒకట్లే. అది మల్లన సంఖ్య. ఆరు ఫెర్మా సంఖ్యలను ఏరడానికి 64 మార్గాలు, ఇక్కడ 64 వరసలు, పలకలో 64 గళ్లు.

ఫెర్మా సంఖ్యలకు మరో గుణం ఉంది. ముందువాటన్నిటినీ హెచ్చవేసి రెండు కలిపితే తర్వాతది వస్తుంది. 3కు 2 కలిపితే 5. 3 × 5 కు 2 కలిపితే 17. 3 × 5 × 17 కు 2 కలిపితే 257. రెంటికి ఉమ్మడి కారణాంకం ఏదైనా ఉంటే అది 2ని భాగించాలి, కానీ ఇవన్నీ బేసి సంఖ్యలు. కాబట్టి ఏ రెంటికీ పొత్తు కుదరదు, ప్రతిదీ కొత్త ప్రధాన సంఖ్యనో, సంఖ్యలనో తెస్తుంది. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని గోల్డ్‌బాఖ్ 1730లో ఆయిలర్‌కు ఇలాగే చూపించాడు. ఈ లెక్కన మన సంఖ్యకు రెండు కలిపితే ఏడో ఫెర్మా సంఖ్య 18446744073709551617 రావాలి. వస్తుంది. అదీ ప్రధాన సంఖ్య కాదు, 274177 × 67280421310721. థామస్ క్లౌసెన్ 1855లో దీన్ని విడగొట్టాడు. ఫార్చునే లాండ్రీ 1880లో విడిగా సాధించాడు. మన సంఖ్యకు కింది వైపున అతి దగ్గరి ప్రధాన సంఖ్య 58 మెట్లు కింద ఉంది: 18446744073709551557.

పలక మీద ఏ గడి దగ్గర ఆగితే అప్పటిదాకా పోసిన మొత్తం ప్రధాన సంఖ్య అవుతుంది? 64 గళ్లలో అలాంటివి తొమ్మిదే: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. ముప్పై ఒకటో గడి దగ్గరి మొత్తాన్ని ఆయిలర్ 1772లో తేల్చాడు. అరవై ఒకటోది తేలడానికి 1883 దాకా పట్టింది. తేల్చినవాడు ఇవాన్ పెర్వుషిన్ అనే రష్యన్ పూజారి.

అదే 1883లో ఫ్రాన్సులో ఎద్వార్ లూకా ఒక బొమ్మ అమ్మకానికి పెట్టాడు. మూడు కడ్డీలు, ఒకదాని మీద పెద్ద నుంచి చిన్న దాకా బిళ్లలు. ఒక్కొక్కటే జరుపుతూ, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా, మొత్తం వేరే కడ్డీకి చేర్చాలి. హనోయ్ టవర్ అంటారు. బొమ్మతో పాటు కాశీలో ఏదో గుడిలో పూజారులు 64 బంగారు బిళ్లలు జరుపుతున్నారని, అది పూర్తయిన రోజు ప్రపంచం అంతమని ఒక కథ కూడా కట్టారు. కాశీకి ఆ కథతో ఏ సంబంధమూ లేదు. లెక్క మాత్రం గట్టిది: ఒక బిళ్ల పెరిగినప్పుడల్లా పైవన్నీ దించాలి, అడుగుదాన్ని జరపాలి, మళ్లీ పైవన్నీ ఎక్కించాలి, అంటే కదలికలు రెట్టింపై ఒకటి ఎక్కువ. 64 బిళ్లలకు మల్లన చెప్పినన్ని కదలికలు. సెకనుకు ఒకటి చొప్పున 58,400 కోట్ల ఏళ్లు పైనే పడుతుంది, విశ్వం వయసుకు నలభై రెట్లు పైచిలుకు. 641ని వెతకడానికి వాడిన 64 గుణిజాల నియమాన్ని ఈ లూకాయే 1878లో ఇంకా బిగించాడు: 64 కాదు, 128 గుణిజాలకు ఒకటి ఎక్కువైనవి మాత్రమే చూస్తే చాలు. అప్పుడు 641కి ముందు పరీక్షించాల్సింది 257 ఒక్కటే.

కంప్యూటర్లు వచ్చాక ఈ సంఖ్యకు కొత్త ఉద్యోగం దొరికింది. ఇప్పటి ఫోన్లు, లాప్‌టాప్‌లు ఎక్కువగా 64 బిట్లవి; బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే గది. ప్లస్, మైనస్ గుర్తు లేని పూర్ణాంకాన్ని ఉంచే 64 బిట్ల పెట్టెలో పట్టే అతి పెద్ద విలువ ఇదే, 64 ఒకట్లు. దానికి ఒకటి కలిపితే పాత స్కూటర్ల కిలోమీటర్ల మీటర్ తిరిగినట్టు అన్నీ సున్నాలైపోతాయి. గుర్తున్న పూర్ణాంకంగా చదివితే అవే 64 ఒకట్లకు అర్థం −1. అందుకే ప్రోగ్రామర్లకు ఈ సంఖ్య వైభవంగా కాక బగ్గులా పరిచయం. ఖాళీ డిస్కులో ఎక్కడో 16 ఎక్సాబైట్ల స్థలం ఉందని, క్యూలో లక్షల కోట్ల కోట్ల పనులున్నాయని స్క్రీన్ మీద వస్తే, సున్నాలోంచి ఎవరో ఒకటి తీసేశారని అర్థం. దశాంశాలను పట్టే మామూలు పద్ధతిలో ఈ సంఖ్య అసలు ఇమడదు. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యగా రాస్తే 18446744073709552000 అని చూపిస్తుంది. ఎక్సెల్ కోసేస్తే, అది దగ్గరిదానికి సర్దేస్తుంది. రెండింటిలో ఏది మేలంటే చెప్పడం కష్టం. పద్యంలో మాత్రం చివరి బాణం దాకా అన్నీ ఉన్నాయి.

ఇక పద్యం నడక. ఇది చంపకమాల, పాదానికి 21 అక్షరాలు. ఒక్కో అక్షరం గురువో లఘువో కావాలి కాబట్టి 21 అక్షరాల పాదానికి 2²¹, అంటే 20,97,152 రకాల నడకలు సాధ్యం. ఛందశ్శాస్త్రం వీటన్నిటినీ ఒక క్రమంలో పేర్చి, ప్రతిదానికీ వరస సంఖ్య ఇస్తుంది. నడక తెలిస్తే వరస సంఖ్య చెప్పే సూత్రం పేరు ఉద్దిష్టం. అక్షరాల మీద ఎడమ నుంచి 1, 2, 4, 8, 16 అని రెట్టిస్తూ రాయాలి, అచ్చం చదరంగం గళ్లలో గింజల్లా. లఘువుల మీద పడ్డవాటిని కూడి, చివర ఒకటి కలపాలి. చంపకమాల గణాలు న, జ, భ, జ, జ, జ, ర. లఘువుల మొత్తం 7,11,599. ఒకటి కలిపితే 7,11,600. ఛందస్సు పుస్తకాల్లో చంపకమాలకు ఇచ్చే సంఖ్య ఇదే. ఉత్పలమాలది 3,55,799. దాన్ని రెట్టించి రెండు కలిపితే చంపకమాల సంఖ్య వస్తుంది, ఎందుకంటే ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే చంపకమాలే. కంప్యూటర్లో 0, 1 ఏం చేస్తాయో ఇక్కడ గురువు, లఘువు అదే చేస్తున్నాయి.

మన ఛందాలు 26 అక్షరాల పాదం దగ్గర ఆగుతాయి. అంతకు మించినవాటిని ఉద్ధురమాలా వృత్తాలని, దండకాలని వేరే చెబుతారు. సూత్రానికి మాత్రం ఆ హద్దు లేదు. 64 అక్షరాల పాదం ఊహించండి. అన్నీ గురువులైతే అది మొదటి నడక. అన్నీ లఘువులైతే చిట్టచివరిది. వాటి మీద పడ్డ అంకెల మొత్తం 18446744073709551615. కంప్యూటర్ సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి దాని దృష్టిలో ఆ పాదం సంఖ్య అదే. మనవాళ్లు ఒకటి నుంచి లెక్కపెడతారు, అందుకే ఉద్దిష్టంలో చివర ఒకటి కలపమన్నారు. ఆ సూత్రాన్ని ఉన్నదున్నట్టుగా 64 బిట్ల పెట్టెలో వేస్తే, ఆ సర్వలఘు పాదానికి వచ్చే వరస సంఖ్య సున్నా.